నాలుగు రోజులు తడవని శివుడు

జూబ్లీహిల్స్ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచీ మా తెనాలిలో అందరూ నన్ను అడుగుతున్నది ఒకటే, "ఎవరెవరు కనపడ్డారు?" అని. కనపడ్డారు. ఒక హీరోని నాలుగు గజాల దూరం నుంచి చూశాను. ఆయన మెడ మీద పౌడరు చెమటకి చారలు కట్టి ఉంది. అంతకు మించి ఆయన గురించి నాకు చెప్పాలని లేదు. నేను చెప్పదలుచుకున్నది ఆ మేడల వెనక, బండల మధ్య ఉన్న ఒక పాత శివాలయం గురించి. అంత అందమైన గుడిని నా జన్మలో చూడలేదు. నాకు అంత ఒళ్ళు మండిన రోజు కూడా నా జన్మలో ఇంకొకటి లేదు. కోపం చల్లారాక రాద్దామని ఇన్ని నెలలు ఆగాను. అది చల్లారేలా లేదు కాబట్టి రాసేస్తున్నాను.

అసలు మేము హైదరాబాదు వెళ్ళింది మా అక్క రాజ్యలక్ష్మి కంటి ఆపరేషనుకి. తనకి ఉన్నది ఒకటే కన్ను. నాకు ఎనిమిదేళ్ళు, తనకి పదకొండేళ్ళు ఉన్నప్పుడు వీధిలో బిళ్ళంగోడు ఆడుతుంటే నేను కొట్టిన బిళ్ళ ఎగిరి తన ఎడమ కంట్లో తగిలింది. ఆ కన్ను మళ్ళీ వెలుగు చూడలేదు. ఇన్నేళ్ళలో అక్క ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. ఇప్పుడు యాభై నాలుగో ఏట, మిగిలిన కుడి కంటికి శుక్లం ముదిరింది. హైదరాబాదు డాక్టరు మంగళవారం ఆపరేషను పెట్టాడు. సోమవారం సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి. చూపు వస్తుందని గట్టిగా చెప్పలేనని ఆయన ముందే అనేశాడు. ఆ కంటి మీద కత్తి పడకముందే ఆ గుట్ట మీది శివుడికి తన చేత్తో కృష్ణ నీళ్ళు పోస్తానని అక్క మొక్కుకుంది.

వెంగళరావు నగర్‌లో

ఆదివారం పొద్దున్నే వెంగళరావు నగర్‌లో సుశీల ఇంట్లో దిగాం. సుశీల మా పక్కింటి వాళ్ళమ్మాయి. పెళ్ళయి పదేళ్ళుగా అక్కడే కాపురం. ఆ వీధిలో నడుస్తుంటే కాకినాడ నుంచి ఒంగోలు దాకా ఉన్న యాసలన్నీ గుమ్మాల్లోంచి వినిపిస్తాయి. డాబాల మీద గుమ్మడి వడియాలు ఎండుతుంటాయి. కాకపోతే కుళాయి రోజు విడిచి రోజు వస్తుందట. సుశీల బిందెల్ని వరసగా పేర్చి, వేటిలో నీళ్ళు వేటికి వాడాలో మాకు చెబుతుంటే, కాలవ గట్టున పుట్టినదాన్ని, నాకు గొంతు ఎండిపోయింది.

గుడి సంగతి అక్కకి ఉత్తరంలో రాసింది ఈ సుశీలే. మా వైపు పెద్ద శివాలయాల్లో మనం గర్భగుడి గడప దగ్గరే ఆగిపోతాం. నీళ్ళయినా, పాలయినా పూజారిగారి చేతికి ఇవ్వాల్సిందే. ఈ గుట్ట మీది గుడిలో అలా కాదట. ఆడా మగా తేడా లేకుండా ఎవరైనా తలస్నానం చేసి వచ్చి, గడప దాటి, లింగం మీద తమ చేత్తో తామే నీళ్ళు పోసుకోవచ్చు. పోశాక ఆ తడి చెయ్యి లింగానికి ఆన్చి కళ్ళకి అద్దుకోవాలి. ఆ చివరి మాట చదివించుకున్న రోజే అక్క మొక్కేసుకుంది.

నీళ్ళు మరచెంబులో తెచ్చింది. మర తిప్పి మూత బిగించే ఇత్తడి చెంబు. మా అమ్మ కాశీ వెళ్ళినప్పుడు కొన్నది. కృష్ణ రేవులో ముంచిన నీళ్ళు చుక్క కారకుండా హైదరాబాదు దాకా వచ్చాయి. దారి పొడుగునా అక్క ఆ చెంబు ఒళ్ళోంచి దించలేదు. అభిషేకం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని కూర్చుంది. సుశీల వేసిన పెసరట్లు నేనొక్కదాన్నే తిన్నాను. చెప్పొద్దూ, రెండు తిన్నాను.

బండల దారి

సుశీల మాకు ఆటో మాట్లాడిపెట్టింది. దాన్ని నడిపే యాదయ్యది ఎర్రగడ్డ దగ్గర మోతీనగర్. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు.

"గుట్ట శివయ్య కాడికా? గాడ షూటింగ్ నడుస్తుందమ్మా. లోపటికి పోనిస్తరో లేదో," అన్నాడు ఎక్కగానే.

"షూటింగైతే మాకేంటయ్యా? మేము దేవుడి దగ్గరికి వెళ్తున్నాం," అన్నాను.

అతను అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "పోయేటప్పుడు అందరు గట్లనే అంటరు."

దారిలో ఇరానీ హోటలు దగ్గర ఆపి, ఇక్కడి చాయ్ తాగకపోతే హైదరాబాదు వచ్చినట్టే కాదని పట్టుబట్టాడు. చిన్న కప్పు, చిక్కటి పాలు, పక్కన తీపీ ఉప్పూ కలిసిన బిస్కెట్టు. రూపాయికి అంత రుచి మా ఊళ్ళో దొరకదని ఒప్పుకుంటాను. ఆటోలో అక్క చెంబు పట్టుకుని పస్తు కూర్చుని ఉంటే నేను బిస్కెట్టు ముంచుకు తినడం నాకే నచ్చలేదు. అయినా తిన్నాను.

ఆ తరవాత దారి కొండెక్కింది. ఒక బండ మీద ఇంకో బండ, దాని మీద ఇంకోటి, ఎవరు పేర్చారో తెలీదు. తోస్తే పడిపోతాయేమో అనిపిస్తుంది, ఎన్ని తరాలుగానో పడలేదు. అక్కకి అన్నీ పాలలోంచి చూస్తున్నట్టు ఉంటాయి కాబట్టి నేను చెబుతూ వచ్చాను. కొన్ని బండల మీద తెల్ల సున్నంతో అంకెలు వేసి ఉన్నాయి. అదేమిటని అడిగితే యాదయ్య, "నంబరు వడ్డదంటే దాని పని అయిపోయినట్టే. మందువెట్టి పేలుస్తరు, గాడ బంగ్లా లేస్తది," అన్నాడు. పేల్చిన చోట్ల అప్పటికే ప్రహరీలు లేచాయి. గోడల మీద గాజు పెంకులు, గేట్ల వెనక కుక్కలు. మనిషి మాత్రం ఒక్కడూ కనపడలేదు. ఇంత అందాన్ని పగలగొట్టి, ఆ ముక్కలతోనే గోడ కట్టుకుని, దాని వెనక దాక్కునే వాళ్ళని ఏమనాలో నాకు తెలీలేదు. అక్కకి ఆ అంకెల సంగతి చెప్పలేదు.

అక్క వేళ్ళకి తగిలింది

గుడిని కాకతీయుల కాలం నాటిదంటారు. మెట్లు బండలోనే తొలిచారు. పైకి వెళ్ళగానే నల్లరాతి మండపం. స్తంభాలు ఎంత నునుపంటే, దగ్గరికి వెళ్తే మన మొహం మనకి కనపడుతుంది. ఒక్కో స్తంభానికీ చుట్టూ నాట్యగత్తెలు, ఏనుగుల వరసలు, సూది దూరేంత సన్నటి లతలు. పైకప్పులో రాతి పద్మం, రేకు మీద రేకు. గర్భగుడి పక్క గోడకి చిల్లులు చిల్లులుగా చెక్కిన రాతి కిటికీ ఉంది. పొద్దుటి పూట ఎండ ఆ చిల్లుల్లోంచి దూరి చుక్కలు చుక్కలుగా లింగం మీద పడుతుంది. చెక్కిన వాడెవడో నాకు తెలిస్తే కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని.

అక్క చెయ్యి పట్టుకెళ్ళి ఒక స్తంభానికి ఆన్చాను. తను వేళ్ళతో చూస్తూ, "ఇది గజ్జె కదూ. ఇది పాదం. పాదం ఎత్తి ఉంది. అబ్బ, చెవి కమ్మ కూడా చెక్కాడే," అంటూ సంబరపడిపోయింది. ఉన్నట్టుండి చెయ్యి ఆపింది.

"ఇదేంటే? మేకులా ఉంది."

మేకే. నాట్యగత్తె నడుము పక్కన రాతిలోకి బెజ్జం చేసి ఇనప మేకు దిగ్గొట్టారు. దానికి కరెంటు తీగల చుట్ట వేలాడుతోంది. తలెత్తి చూస్తే ప్రతి స్తంభానికీ ఒకటి ఉంది. మండపం ముందు చెవి విరిగిన పాత నందిని గోనెపట్టా వేసి కప్పేశారు. దాని ముందు రెండు చెవులూ ఉన్న తెల్లటి కొత్త నంది. తడితే డొల్ల మోత వచ్చింది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అట. చెవి లేకపోతే ఆ నంది కెమెరాకి పనికిరాదట. అన్ని వందల ఏళ్ళు శివుడి ఎదురుగా కదలకుండా కూర్చున్నదానికి జరిగిన మర్యాద అది.

గర్భగుడి ముందు అడ్డంగా తాడు కట్టి ఉంది. మేము దగ్గరికి వెళ్ళగానే మెడలో పెన్ను, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు ఉన్న మనిషి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. అసిస్టెంట్ డైరెక్టరు. మాటని బట్టి భీమవరం వైపువాడు.

"అమ్మా, తాడు దాటకండి. ఫ్రేములోకి వచ్చేస్తారు."

"దాటకుండా అభిషేకం ఎలా చేస్తాం నాయనా?" అన్నాను.

"అభిషేకమా!" అతను తాడుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "నా కొంప ముంచకండి, మీకు పుణ్యం ఉంటది. నీళ్ళు పడితే రాయి నల్లబడిపోద్దండి. గురువారం తీసిన షాట్లో బూడిద రంగులో ఉంది. మళ్ళీ ఇప్పుడు నల్లగా ఉంటే కంటిన్యుటీ పోద్ది. డైరెక్టరుగారు నన్ను బతకనివ్వరు."

అప్పుడే కంటిన్యుటీ అనే మాట నాకు మొదటిసారి తెలిసింది. ఒకే సన్నివేశాన్ని అయిదు రోజులు తీస్తారట. తెర మీద అది అయిదు నిమిషాలే. అందుకని మొదటి రోజు ఏది ఎలా ఉందో చివరి రోజు దాకా అలాగే ఉండాలి. హీరో చొక్కా గుండీ ఎలా ఉందో, దేవుడూ అలాగే ఉండాలి. నమ్మకపోతే చూడమని తన కాగితాలు చూపించాడు. పైన "శివలింగం" అని రాసి కింద వరసగా: పొడి. బొట్లు మూడు, తెల్ల పెయింటు. మారేడు దళాలు పదకొండు, ప్లాస్టిక్. దండ ఎడమకి వాలి ఉంది.

"పెయింటేంటి?" అన్నాను.

"లైట్ల వేడికి విభూతి రాలిపోతోందండి."

"శివుడంటేనే అభిషేక ప్రియుడు. అలాంటివాడిని నాలుగు రోజులు ఎండబెట్టి, పైన రంగు పూశారా? మీ నాన్నగారిని నాలుగు రోజులు స్నానం చెయ్యనివ్వకుండా కూర్చోబెడతావా నువ్వు?" అని మొదలుపెట్టాను. హైస్కూల్లో పాతికేళ్ళ నుంచి పాఠాలు చెబుతున్న గొంతు నాది. లైట్ల వాళ్ళు కూడా పని ఆపి చూశారు. ఇక్కడ ఫిర్యాదుల పుస్తకం ఎక్కడుందని అడిగాను. గుడిలో అదేంటండీ అన్నాడు. పాపం అతను దండాలు పెడుతూనే ఉన్నాడు కానీ తాడు మాత్రం తియ్యలేదు. "ఎల్లుండి మంగళారం రండమ్మా, ఎన్ని బిందెలైనా పోసుకోండి," అన్నాడు. మంగళవారం మాకేముందో అతనికేం తెలుసు?

పూజారి మండపం చివర గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన ముసలాయన. మా వైపు పూజారిగారంటాం, అక్కడ అయ్యగారంటారు. ఆయన మీదకి కూడా వెళ్ళాను.

"ఏం జెయ్యాలమ్మా," అన్నాడు తల దించుకుని. "పైకప్పు కురుస్తున్నది, సినిమావోళ్ళు బాగు జేపిస్తమన్నరు. గుడి కమిటీల అందరు సరే అన్నరు. నాలుగొద్దులాయె, శివయ్య మీద సుక్క నీళ్ళు లేవు. పొద్దుగాల్ల వచ్చి గీ తాడు కాడనే నిలవడి మంత్రం సదువుకొని పోతున్న."

దేవుడి మీద వాన పడకుండా ఉండటానికి దేవుడి మీద నీళ్ళే పడకుండా చేసుకున్నారు. ఆ మాట అనబోతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు కనపడ్డాయి.

ఈ గొడవంతటిలో అక్క నోరెత్తలేదు. నేను తిరిగి చూసేసరికి మెట్ల మీద చెంబు ఒళ్ళో పెట్టుకుని, స్తంభానికి తల వాల్చి ఉంది. పస్తు, పైన ఎండ. కళ్ళు తిరిగాయి.

కృష్ణానగర్ గది

అక్కని లేపి ఆటో దాకా నడిపించింది అనసూయ. షూటింగులో భక్తురాలి వేషం వేస్తోంది. నలభై ఏళ్ళ మనిషి, ఊరు నల్లగొండ దగ్గర. నుదుటి మీద రూపాయంత బొట్టు, మెడలో పూసల దండలు. నేను నిజం భక్తురాలే అనుకుని మాట్లాడుతుంటే, "గివన్ని కంపెనీవి, సాయంత్రం ఇచ్చెయ్యాలె," అంది పూసలు చూపించి. తన షాటు అయిపోయిందట. మాతోపాటే దిగి, కృష్ణానగర్‌లో తన గదికి తీసుకెళ్ళింది.

ఒక సందు, దాంట్లో ఇంకో సందు, మేడ మీద రేకుల గది. ముగ్గురు ఆడవాళ్ళు కలిసి కిరాయికి ఉంటున్నారు. గోడ మేకులకి మూడు సంచులు, కిటికీలో మూడు దువ్వెనలు. మా ఊళ్ళో ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఇంటికి తెచ్చి చాప వేసి కూర్చోబెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారా అని ఆలోచించాను. ఈ పూటకి మొక్కు తీరదని తేలిపోయింది కాబట్టి అక్క తినడానికి ఒప్పుకుంది. అనసూయ జొన్న రొట్టె, పచ్చి మిరపకాయ తొక్కు పెట్టింది. జొన్న రొట్టె చేత్తో కొట్టి చేస్తారని నాకు వినికిడే. అది పొయ్యి మీద పొంగడం చూడటం అదే మొదటిసారి. అక్క రెండు తిని, కళ్ళు తెరిచింది.

మా సంగతంతా విన్నాక అనసూయ పొయ్యి మీంచి పెనం దించింది. తరవాత అంది, "అక్కా, మొక్కు అని పోతే పోనియ్యరు గని, ఏషం అని పోతే పోనిస్తరు. రేపు పెద్ద సీను ఉన్నది. హీరో వెనక ముసలోళ్ళు, ఆడోళ్ళు చెంబులు వట్టుకొని నిలవడాలె. పొద్దుగాల్ల సందు మొగదల మా ఏజెంటు వస్తడు. జనాన్ని చూసి తీసుకపోతడు. గా వరుసల నిలవడుండ్రి."

"మా అక్క వేషం కట్టడమేంటి? దేవుడి దగ్గరికి దొంగచాటుగా వెళ్ళే ఖర్మ మాకేం పట్టలేదు," అన్నాను.

అక్క నా చెయ్యి నొక్కింది. "ఊరుకోవే. వరసలో నిలబడి వెళ్ళడం ఏ గుడిలో లేదు? నేను కట్టేది నా చీరే, పట్టుకునేది నా చెంబే. వాళ్ళేమనుకుంటే నాకేం?"

"వీళ్ళకి తెలిస్తే నీ పని పోదూ?" అని అనసూయని అడిగాను. "ఒకదినం పిలువరు. ఎల్లుండి వాళ్ళే పిలుస్తరు. జనం లేకుంట సినిమా అయితదా?" అంది.

ముందు వరస

సోమవారం తెల్లవారగానే సుశీల ఇంట్లో తలస్నానాలు చేసి కృష్ణానగర్ సందు చివరికి వెళ్ళాం. అప్పటికే యాభైమంది దాకా ఉన్నారు. ఏజెంటు ఒక్కొక్కరినీ కూరగాయలు ఏరినట్టు ఏరుతున్నాడు. అక్కని చూడగానే, "ఈ పెద్దమ్మ బాగుంది, వ్యాన్ ఎక్కు," అన్నాడు. నా వంతు వచ్చింది. పైనుంచి కింద దాకా చూశాడు.

"ఈమె వద్దు. మొకంల భక్తి లేదు. కొట్లాట సీను ఉన్నప్పుడు జెప్త, రమ్మను."

భక్తి లేదట! కార్తీక సోమవారాలు పాతికేళ్ళుగా వదలకుండా చేస్తున్నదాన్ని. అనసూయ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క అయితే బాహాటంగానే నవ్వేసింది. నేను యాదయ్య ఆటోలో వెనకే వెళ్ళి, చూడటానికి వచ్చిన జనంతోపాటు తాడు వెనక నిలబడ్డాను.

అసిస్టెంట్ డైరెక్టరు వరసని సర్దుతూ అక్క ముందు ఆగాడు. నిన్న గంటసేపు నాతో పోట్లాడాడు కాబట్టి నన్ను చూస్తే గుర్తుపట్టేవాడే. పక్కన నోరెత్తకుండా నిలబడ్డ అక్కని అతను చూడనే లేదు. "ఈవిడ చాలా న్యాచురల్‌గా ఉన్నారు. ముందు వరసలో పెట్టండి," అన్నాడు. వస్తువులు పంచే అతను అందరికీ ఖాళీ చెంబులిస్తూ అక్క మరచెంబు చూసి మురిసిపోయాడు. "పాత ఐటమ్. ఇదే ఉండనియ్యండి సార్." నిజంగా మొక్కుకుని వచ్చినావిడని నిన్న బయటికి గెంటి, ఈ వేళ అచ్చం భక్తురాల్లా ఉందని మెచ్చుకుని దేవుడి ముందు నిలబెట్టిన వాళ్ళని ఆ ఊళ్ళోనే చూడగలం.

హీరో వచ్చాడు. ఆయన ఖాళీ వెండి చెంబుతో పోసినట్టు చేసి దండం పెట్టాలి. వెనక వరస రెండడుగులు ముందుకి వేసి చెంబులెత్తాలి. "ఎవరూ పొయ్యకూడదు," అని అసిస్టెంటు మూడుసార్లు చెప్పాడు. లైట్లు వెలిగాయి. గర్భగుడి పట్టపగల్లా అయిపోయింది. ఆ వెలుగులోనే అక్కకి పాలపొర వెనక లింగం ఆకారం తెలిసిందట. సినిమా వాళ్ళు మాకు చేసిన మేలు అదొక్కటే.

"యాక్షన్!"

హీరో పోసినట్టు చేశాడు. వరస రెండడుగులు వేసి ఆగింది. అక్క ఆగలేదు. నడుస్తూనే చెంబు మర తిప్పుతోంది. నాకు ఆ చెయ్యి తిరగడం కనపడుతోంది, మూత ఎంతకీ రాదు. గడప దగ్గర కాలితో తడిమి చూసుకుని, దాటింది. హీరో ఏమనుకున్నాడో పక్కకి తప్పుకున్నాడు. మూత వచ్చింది. కృష్ణ నీళ్ళు ధారగా లింగం మీద పడ్డాయి.

బూడిద రంగు రాయి పైనుంచి కిందకి నల్లగా మారుతూ వచ్చింది. అక్క చెంబంతా వంచేసి, తడి చెయ్యి లింగానికి ఆన్చి కళ్ళకి అద్దుకుంది. ఆ చేతికి అంటిన తెల్ల రంగు ఆ కనురెప్పల మీద మరకగా నిలిచిపోయింది.

"కట్! కట్!" అని డైరెక్టరు కేక. "ఎవరావిడ? ఎవరు తెచ్చారు?" అసిస్టెంటు చేతిలో కాగితాలు చెదిరి మండపమంతా పడ్డాయి. తువ్వాళ్ళు తెమ్మని ఒకడు, ఫ్యాను ఇటు తిప్పమని ఒకడు. ఒక మనిషి తువ్వాలు పట్టుకుని చెప్పులతో గర్భగుడిలోకి దూసుకెళ్ళబోయాడు. నేను తాడు దాటి పరిగెత్తేలోపల గడపకి అడ్డంగా అయ్యగారు నిలబడి ఉన్నాడు. నిన్న తలెత్తని మనిషి.

"ఆగుండ్రి. షురువైన అభిషేకం నడిమిట్ల ఆపరాదు. గిది మీ సినిమా కాదు. చెప్పులిడిసి నిలవడేటోళ్ళు నిలవడుండ్రి, లేకుంటే బయటికి నడువుండ్రి."

ఆయన లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ మారేడు దళాలు తీసి బయట పారేసి, రుద్రం ఎత్తుకున్నాడు. ఆ గొంతు ఆ రాతి గదిలో మోగింది. డైరెక్టరు ఏదో అనబోయి హీరో వైపు చూశాడు. హీరో చెప్పులు లేని కాళ్ళతో చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. అప్పుడు అనసూయ వరసలోంచి బయటికొచ్చి, కంపెనీ ఇచ్చిన ఖాళీ చెంబు పట్టుకుని గుడి వెనక బావి దగ్గరికి వెళ్ళింది. ఆమె వెనక ఇంకొకామె. వాళ్ళ వెనక వరసంతా. అరగంటసేపు ఆ వేషాల జనం ఒక్కొక్కరే వచ్చి శివుడి మీద నిజం నీళ్ళు పోశారు.

"నాలుగేండ్ల సంది గీ కొండ మీద భక్తురాలి ఏషమేస్తున్న," అంది అనసూయ చెయ్యి కళ్ళకి అద్దుకుంటూ. "పోసుడు గిదే మొదటిపారి."

మేము మెట్లు దిగుతుంటే వెనక రభస మళ్ళీ మొదలైంది. హీరోకి మధ్యాహ్నం మద్రాసు విమానం ఉందట, మళ్ళీ నెల దాకా డేట్లు లేవట, ఎలా ఉంటే అలా తీసెయ్యమంటున్నారు. అసిస్టెంటు లింగం ముందు ఫ్యాను పెట్టి, రంగు డబ్బాతో కూర్చుని, కొత్త బొట్లు పెడుతున్నాడు. మా సంగతి అందరూ మరిచిపోయారు. భోజనాల దగ్గర మనిషి మాత్రం అక్కని చూసి, "షాట్ చెడగొట్టినావిడకి పొట్లం ఇవ్వొద్దన్నారు," అన్నాడు. పెరుగన్నం పొట్లం! నేను వెనక్కి తిరిగాను. అక్క నా కొంగు పట్టి లాక్కెళ్ళింది.

సాయంత్రం ఆసుపత్రిలో నర్సు అక్క రెప్పల మీద మరక తుడుస్తూ, "ఇదేంటమ్మా, సున్నమా?" అంది. "ప్రసాదం," అంది అక్క.

మా ఊరి హాల్లో

కట్టు విప్పాక మందపాటి కళ్ళజోడు ఇచ్చారు. ఇంటికొచ్చాక అక్క ఇల్లంతా తిరుగుతోంది, బియ్యం ఏరుతోంది. ఎంత కనపడుతోందే అంటే, "చక్కగా కనపడుతోంది," అంటుంది. ఆ మాట నాకు చాలదు. నలభై మూడేళ్ళుగా నా మనసు నొచ్చుకోకుండా మాట్లాడటం తనకి అలవాటైపోయింది. చేత్తో తడిమి ఏరుతోందో, చూసి ఏరుతోందో నాకు తెలీలేదు. రెండోసారి అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ సినిమా మా ఊరు వచ్చినప్పుడు ఇద్దరం వెళ్ళాం. మొదటి నుంచీ నాకు పళ్ళు కొరుక్కోవడమే సరిపోయింది. అంత పాత గుడిని హీరోగారి తాత కట్టించాడని చూపించారు. తెర మీద డొల్ల నంది రెండు చెవులతో వెలిగిపోతోంది. అభిషేకం సీను వచ్చింది. అక్క లేదు, అనసూయ లేదు, అయ్యగారు లేడు. హీరో ఒక్కడే. బూడిద రంగు లింగం, మూడు బొట్లు, ప్లాస్టిక్ ఆకులు. "చూశావా అక్కా, నిన్నొక్క ముక్క చూపించలేదు వెధవలు," అని తన వైపు తిరిగి మొదలుపెట్టాను.

అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "మాట్లాడకు, అటు చూడు! నల్లగా ఉన్నాడే, తడిసి ఉన్నాడు! కింది బొట్టు జారిపోయింది చూడు!"

నేను తిరిగి చూసేసరికి తెర మీద మళ్ళీ బూడిద రంగు రాయి, మూడు బొట్లూ ఉన్నాయి.

"నాకు కనపడలేదే," అన్నాను.

"నీకు కోపం వస్తే ఏం కనపడుతుంది," అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది కూడా నా కోసం చెప్పిన మాటేమో అనిపించింది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా మ్యాట్నీకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ సీను వచ్చేదాకా కళ్ళు ఆర్పకుండా కూర్చున్నాను. హీరో మొహం పక్కన, వెనకగా, లింగం. రెండు సెకన్లో, మూడో. రాయి నిగనిగలాడే నలుపు. పై రెండు బొట్లూ ఉన్నాయి. కింది బొట్టు సగం కరిగి కిందకి జారి ఉంది.

పక్క సీట్లో ఆవిడ, "ఏమైందండీ, ఎందుకు ఏడుస్తున్నారు? ఇది ఏడుపు సీను కాదే," అంది.